గ్రాంట్‌తో పాటు లెక్కల పుస్తకం కూడా మా చేతికివ్వండి

తెలుగు సంఘాలను నడిపిస్తున్న బిషప్‌గార్లకు, ప్రెసిడెంట్‌గార్లకు, కౌన్సిల్ పెద్దలకు, ప్రాజెక్ట్ ఆఫీసుల్లో పనిచేసే అన్నలకు, అక్కలకు,

ప్రభువు నామంలో వందనాలు.

నేను ఒక పల్లెటూరి చర్చిలో స్త్రీల మైత్రి కోశాధికారిని. అంతకుముందు పన్నెండేళ్లు మా ఊరి డ్వాక్రా సంఘాలకు యానిమేటర్‌గా చేశాను. రెండు చోట్లా నా పని ఒకటే, పుస్తకాలు రాయడం. మాది మిరప పండే ఊరు. మా చర్చిలో తొంభై కుటుంబాలున్నాయి. సొంత పొలం ఉన్న ఇళ్లు పట్టుమని పది ఉండవు. మిగతా వాళ్లం కూలికి పోతాం, లేదంటే కౌలుకు చేస్తాం. మేము ఏ డయాసిస్ కిందికి, అంటే ఏ బిషప్‌గారి పరిధిలోకి వస్తామో ఇక్కడ రాయడం లేదు. ఒకరిని వేలెత్తి చూపడానికి రాస్తున్న ఉత్తరం కాదిది. నాకు తెలిసిన లూథరన్ సంఘాల అక్కలు, బాప్తిస్టు సంఘాల అక్కలు కలిసినప్పుడు కూడా ఇవే మాటలు వస్తాయి. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

విషయం సూటిగా చెప్తాను. మీరు సమాజాభివృద్ధికి ఒక గ్రాంట్ తెస్తారు, నాయకత్వ శిక్షణకు ఇంకో గ్రాంట్ తెస్తారు. రెండూ రెండు ఫైళ్లు, రెండు రిపోర్టులు. డబ్బు ఖర్చయ్యే చోట మేము ఉండం. మాకు శిక్షణ ఇచ్చే చోట డబ్బు ఉండదు. ఈ రెండు ఫైళ్లనూ కలపండి. ఎవరికి శిక్షణ ఇవ్వాలనుకుంటున్నారో వాళ్ల చేతికే ఆ డబ్బు ఇచ్చి, సంఘం ముందు లెక్క చెప్పించండి. నేను అడిగేది ఇదొక్కటే. మిగతాదంతా ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికి రాస్తున్నాను.

రెండేళ్ల కిందట మా పాస్టరేట్ నుంచి, అంటే ఒక పాస్టరుగారి కింద ఉండే సంఘాల నుంచి, నన్నూ ఇంకో ఇద్దరినీ శిక్షణకు పంపారు. జిల్లా కేంద్రంలో ఒక హాలు, రెండు రోజుల క్లాసులు. వెళ్లగానే పేర్లు రాసుకుని తలా ఒక బ్యాగు, లావుపాటి నోటు పుస్తకం, పెన్ను ఇచ్చారు. చెప్పడానికి వచ్చిన సార్ మంచివారు, ఓపికగా చెప్పారు. నాయకుడికి ఏం లక్షణాలు ఉండాలో మాతోనే చెప్పించి చార్టు మీద రాశారు. నాతో వచ్చిన మా పిన్ని వరసావిడ "ధైర్యం" అంటే, ఆ మాట పెద్ద అక్షరాలతో రాశారు. ఆవిడ ఎంత మురిసిపోయిందో నాకు ఇంకా గుర్తుంది. రెండో రోజు సాయంత్రం అందరం ఫోటో దిగి, బస్సు చార్జీలకు సంతకం పెట్టి బయల్దేరాం.

అవి కాయ కోతల రోజులు. పిన్నికి రెండు రోజులకు ఎనిమిది వందల కూలి పోయింది. అయినా సంతోషంగానే వచ్చింది. ఊరికి వచ్చాక మాత్రం మా ముగ్గురికీ ఏం చేయాలో తోచలేదు. చర్చి లెక్కలు కమిటీ పెద్దల దగ్గర ఉంటాయి. కుట్టు మిషన్ల ప్రాజెక్ట్ ఆఫీసు దగ్గర ఉంటుంది. మిషన్ ఎవరికివ్వాలో లిస్టు పైనుంచే వస్తుంది. ధైర్యం అని చార్టు మీద రాయించిన ఆవిడకు, ఆ ధైర్యం చూపించాల్సిన పని ఊళ్లో ఒక్కటీ లేదు. ఆ నోటు పుస్తకం ఏడాది పాటు మా ఇంట్లో ట్రంకు పెట్టె మీద అలాగే ఉండిపోయింది.

ఆ మరుసటి ఏడాది కోత పండుగ అయ్యాక మా పాస్టరు అయ్యగారు ఒక పని చేశారు. కోత పండుగ మన చర్చిల్లో ఎలా జరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంట్లో కాసిన గుమ్మడికాయ, నాటుకోడి, అరిసెల డబ్బా, బస్తా వడ్లు, ఏదుంటే అది తెచ్చి బల్ల ముందు పెడతాం. ఆరాధన అయ్యాక వేలం. ఒకరు ఐదొందలకు పాడుకున్న గుమ్మడికాయను మళ్లీ చర్చికే ఇచ్చేస్తారు, అది ఇంకొకరు మూడొందలకు పాడతారు. ఆ రోజు వచ్చిన డబ్బులోంచి పద్దెనిమిది వేలు తీసి అయ్యగారు కమిటీని ఒప్పించి స్త్రీల మైత్రికి ఇచ్చారు. దేనికి ఖర్చు పెట్టాలో మీరే తేల్చుకోండి, కానీ నెలనెలా మొదటి ఆదివారం ప్రకటనల తర్వాత సంఘం ముందు లెక్క చదవాలి అన్నారు. షరతు అదొక్కటే.

మేము మూడు వారాలు కూర్చుని మాట్లాడుకున్నాం. ఆవు కొందామని కొందరు, చీటీ వేద్దామని కొందరు. చివరికి పిన్ని చెప్పిన మాటే అందరికీ నచ్చింది. పరదాలు, అంటే టార్పాలిన్లు కొందాం అంది. మిరప ఎరిగినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. కోసిన కాయ కల్లంలో రోజుల తరబడి ఎండాలి. రాత్రి మంచు పడినా, మార్చిలో ఒక్క జల్లు కొట్టినా కాయ రంగు మారిపోతుంది, తాలు కింద లెక్కేస్తారు, రేటు పడిపోతుంది. అందుకని సాయంత్రం అయ్యేసరికి కుప్ప చేసి టార్పాలిన్ కప్పాలి. కౌలు రైతుకు సొంత పరదా ఉండదు. టౌన్లో అద్దెకు తెస్తే రోజుకు ముప్పై రూపాయలు, పైగా ఆటో. మేము ఎనిమిది పరదాలు కొన్నాం. రోజుకు పదిహేను రూపాయల అద్దె పెట్టాం. చర్చివాళ్లకు ఒక రేటు, బయటివాళ్లకు ఒక రేటు పెట్టలేదు. మసీదు వీధివాళ్లు, గుడి వీధివాళ్లు కూడా తీసుకెళ్లారు.

మొదటిసారి లెక్క చదివిన ఆదివారం గురించి చెప్పాలి. చదవాల్సింది పిన్నే అని మైత్రిలో తీర్మానం చేశాం. ఆవిడ నలభై ఏళ్లు దాటాక రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న మనిషి. శిక్షణలో ఇచ్చిన నోటు పుస్తకంలోనే లెక్క రాశాం. ఆవిడ లేచి, లోపల వెలుగు చాలదని కిటికీ దగ్గరికి జరిగి, వేలు పెట్టుకుని ఒక్కో వరసా చదివింది. పరదాలు ఎనిమిది. ఒక్కోటి రెండు వేల రెండు వందలు. మొత్తం పదిహేడు వేల ఆరు వందలు. ఆటోకు మూడు వందల యాభై. మిగిలింది యాభై. అని ఆగి, పుస్తకం మధ్యలో పెట్టుకున్న యాభై రూపాయల నోటు తీసి పైకెత్తి అందరికీ చూపించింది.

వెనక బెంచీలోంచి ఒక పెద్దాయన లేచి, మూడొందలకు వచ్చే ఆటోకు మూడొందల యాభై ఎందుకైంది అని అడిగారు. చర్చి అంతా నిశ్శబ్దం. నాకు కాళ్లు వణికాయి. పిన్నికి మాత్రం ఏ టెన్షనూ లేదు. "షాపు దగ్గర గంట సేపు ఆపాం బావగారూ. గుడ్డ మందం చూసి, చిల్లులు ఉన్నాయేమో ఒక్కోటి పరిచి చూసుకున్నాం. ఆ గంటకు యాభై అడిగాడు, ఇచ్చాం" అంది. ఆయన సరే అని కూర్చున్నారు. ఆ రోజు దాకా ఆవిడ చర్చిలో పాట పాడటానికి తప్ప గొంతు విప్పింది లేదు. రెండు నెలల తర్వాత గ్రామ సభలో మా కాలనీ కాలువ గురించి మాట్లాడుతుంటే, ఎస్టిమేట్ ఎంత, ఇప్పటికి ఖర్చయింది ఎంత, కాగితం చూపించండి అని అడిగింది కూడా ఆవిడే. ఎవరూ నేర్పలేదు. చర్చిలో తనను అడిగినట్టే అక్కడ తను అడిగింది.

ఆ సీజన్‌లో మాకు ఆరు వేల ఎనిమిది వందల నలభై రూపాయల అద్దె వచ్చింది. దానికి మా యవ్వనస్తులు తలా కొంత కలిపి, మందు కొట్టే తైవాన్ పంపు ఒకటి కొన్నారు. అదీ అద్దెకే తిరుగుతోంది. దాని పుస్తకం వాళ్లే రాస్తారు, వాళ్లే చదువుతారు.

మీరు పెద్దవాళ్లు. ఇరవై వేల లోపు సంగతికి ఇంత చెప్తోందేమిటని అనుకోకండి. నేను పన్నెండేళ్లు డ్వాక్రాలో చూసింది ఇదే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు సారాకు ఎదురు తిరిగారు. ఆ జిల్లా ఆడవాళ్లే తర్వాత రోజుకో రూపాయి పొదుపు మొదలుపెట్టారు. అక్కడి నుంచి రాష్ట్రమంతా సంఘాలు వచ్చాయి. ఆ సంఘాల్లో పైకి వచ్చిన ఆడవాళ్లను చాలామందిని దగ్గరగా చూశాను. వాళ్లను నిలబెట్టింది ఉపన్యాసాలు కాదు. తీర్మానాల పుస్తకం, నగదు పుస్తకం, బ్యాంకుకు వెళ్లి మేనేజరు ముందు కూర్చోవడం, అప్పు కట్టని సభ్యురాలి ఇంటికి వెళ్లి గొడవ పడకుండా మాట్లాడి రావడం. నెలకు పది రూపాయల పొదుపు రాసే చెయ్యి ఐదేళ్లకు మండల సమాఖ్యలో లక్షల చెక్కు మీద సంతకం పెట్టింది. ఈ పని ప్రభుత్వ సంఘాల్లో జరిగినంతగా మన చర్చిల్లో ఎందుకు జరగలేదా అని నాకు బాధ.

ఎందుకంటే మన చర్చి సంఘాలు మొదలైందే ఇలా. ధాత కరువు అని మన పెద్దలు చెప్పుకునే 1876-78 కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్తిస్టు మిషనరీ క్లఫ్ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుగా తీసుకున్నారు. ఆకలితో వచ్చినవాళ్లకు పని చూపించి కూలి ఇచ్చారు. ఆ ముఠాలను నడిపించే పని ఊళ్లలో వాక్యం చెప్పే మన తెలుగు ప్రసంగీకులకే అప్పగించారు. కూలి కోసం మతం మారారనే మాట రాకూడదని కరువు సాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాత 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్య మనం ప్రసంగాల్లో పదేపదే వింటాం. ముఠా మేస్త్రీలుగా లెక్క చూసిన ఆ ప్రసంగీకుల గురించి అంతగా వినం. తర్వాత ఊరూరా సంఘాలను నిలబెట్టడంలో అలాంటివాళ్ల కష్టమే ఎక్కువ.

డోర్నకల్ అజరయ్య బిషప్‌గారిని తలుచుకోండి. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సభలో బిషప్ అయిన మొట్టమొదటి భారతీయుడు ఆయన. తమిళనాడు నుంచి వచ్చి, తెలుగు నేర్చుకుని, 1945 జనవరి 1న కన్నుమూసేదాకా మన పల్లెల కోసమే బతికారు. చదువు లేని కూలి జనం, వీళ్లేం ఇవ్వగలరు అని ఆయన అనుకోలేదు. అన్నం వండేముందు ఒక పిడికెడు బియ్యం పక్కన తీసి పెట్టమని ఆడవాళ్లకు నేర్పించారు. ఊరి ఉపదేశులను తయారుచేసేటప్పుడు భార్యలను కూడా పిలిపించి భర్తలతో పాటు చదివించారు. ఇచ్చే చెయ్యి, నడిపించే చెయ్యి ఒకటే అని ఆయనకు తెలుసు.

ఆ పిడికెడు బియ్యం మా చర్చిలో ఇప్పటికీ ఉంది. బల్ల పక్కన మూత ఉన్న స్టీలు డ్రమ్ము. కొంగు ముడిలో, క్యారీ బ్యాగుల్లో, టిఫిన్ బాక్సుల్లో తెచ్చి పోస్తాం. రేషన్ బియ్యం, సన్న బియ్యం, నూకలు అన్నీ కలిసిపోయి ఉంటాయి. అది కూడా వేలం వేస్తాం. మిజోరం సంఘాల్లో కూడా ఇదే అలవాటు ఉంది. వాళ్లు 1910 ప్రాంతంలో మొదలుపెట్టారు. ఇప్పుడు అక్కడ ఒక్క పిడికిలి బియ్యం మీద ఏడాదికి కోట్ల రూపాయలు వస్తున్నాయి, వాళ్ల సువార్త పనికి అదే పెద్ద అండ. మనకు మాత్రం ఆ డ్రమ్ము ఒక ఆచారంగా మిగిలిపోయింది. అందులోంచి వచ్చిన డబ్బు ఎటు పోతుందో పోసిన ఆడవాళ్లను అడిగి చూడండి. నూటికి తొంభై మంది చెప్పలేరు. ఎవరో తిన్నారని నేను అనడం లేదు. వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇక చట్టం సంగతి. నేను ఈ మాట ఎత్తితే మా పాస్టరేట్‌లో కూడా వెంటనే వచ్చే సమాధానం అదే, "అమ్మా, ఎఫ్‌సీఆర్‌ఏ ఒప్పుకోదు." ఎఫ్‌సీఆర్‌ఏ అంటే విదేశీ విరాళాల చట్టం. నేను కూర్చుని దాని గురించి తెలుసుకున్నాను. 2020 సెప్టెంబరు 29 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం విదేశీ విరాళం తీసుకున్న సంస్థ దాన్ని వేరే సంస్థకు బదిలీ చేయకూడదు. ఆఫీసు ఖర్చులు అంతకుముందు 50 శాతం దాకా పెట్టుకోవచ్చు, ఇప్పుడు 20 శాతమే. డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. ఇవన్నీ నిజమే. మీ ప్రాజెక్ట్ ఆఫీసుల్లో ఎంతమంది ఉద్యోగాలు పోయాయో, ఎన్ని హాస్టళ్లు మూతపడే స్థితికి వచ్చాయో మాకూ తెలుసు. చట్టాన్ని దాటి ఒక్క రూపాయి పంపమని నేను అడగడం లేదు.

కానీ కోత పండుగ డబ్బు ఆ చట్టం కిందికి రాదు. ఆదివారం కానుక, దశమ భాగం, పిడికెడు బియ్యం, విదేశీ డబ్బుతో కట్టని డయాసిస్ షాపుల అద్దెలు, వీటికీ ఆ చట్టానికీ సంబంధం లేదు. ఇంకో సంగతి మన సంఘాల్లో చాలామందికి తెలియదు. దుబాయ్‌లోనో, మస్కట్‌లోనో, అమెరికాలోనో పనిచేస్తున్న మన పిల్లలు ఇంకా భారత పౌరులుగానే ఉంటే, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే మాత్రం, భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే అవుతుంది. ఈ తేడా తెలియక కొన్నిచోట్ల గల్ఫ్ నుంచి ఒక తమ్ముడు ఇస్తానన్న డబ్బు కూడా భయపడి వద్దన్నారు. ఈ ఒక్క విషయం ప్రతి పాస్టరేట్‌కు సర్క్యులర్‌గా పంపినా ఎంతో మేలు.

ఆ చట్టంలో నాకు నచ్చిన మాట కూడా ఒకటుంది. విదేశీ డబ్బు తీసుకున్నవాళ్లు ప్రతి ఏడాదీ ఆడిట్ చేయించిన లెక్క ప్రభుత్వానికి చూపించాలి. మీరు చూపిస్తున్నారు కూడా. ఢిల్లీకి పంపుతున్న ఆ లెక్కనే తేలిక తెలుగులో ఒక్క పేజీ చేసి మా చర్చిల్లో ప్రకటనల సమయంలో చదివించండి. ఎవరి పేరు మీద గ్రాంట్ వచ్చిందో వాళ్లకు ముందు తెలియాలి కదా. లండన్‌కో జర్మనీకో వెళ్లే రిపోర్టులో మా ఫోటో ఉంటుంది. ఆ ఫోటో కింద ఎంత ఖర్చు రాశారో మాకు చెప్పండి.

మాకు ఇది ఎందుకు అంత ముఖ్యమో మీకు తెలియనిది కాదు, అయినా రాయాలి. మా సంఘంలో ఎక్కువమందిమి మాల, మాదిగ ఇళ్లలో పుట్టినవాళ్లం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, క్రైస్తవులమని కాగితం మీద రాయించుకుంటే మేము ఎస్సీల లెక్కలోకి రాము. మన రెండు రాష్ట్రాల్లోనూ బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్. ఎస్సీ రిజర్వేషన్ లేదు, అట్రాసిటీ చట్టం అండ లేదు. ఊళ్లో మాత్రం మా వాడ ఊరి చివరే ఉంది, కూలి పనులు అవే ఉన్నాయి. అలాంటి మాకు, మా అమ్మానాన్నలకు చదువు చెప్పి బల్ల దగ్గర పక్కన కూర్చోబెట్టింది ఈ చర్చే. ఆ చర్చిలో డబ్బు లెక్క మాత్రం మా చేతికి రాకపోతే మనసుకు కష్టంగా ఉంటుంది.

ఆడవాళ్ల సంగతి కూడా ఒక్క మాట. చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో 1976 నుంచి స్త్రీలకు గురుత్వాభిషేకం ఇస్తున్నారు, అంటే పాస్టర్లుగా నియమిస్తున్నారు. 2013లో ఆ సభలో మొదటి మహిళా బిషప్‌గా వచ్చింది మన తెలుగావిడే, నంద్యాల డయాసిస్‌లో పుష్పలలితమ్మగారు. ఆ రోజు మా ఊళ్లో మేము స్వీట్లు పంచుకున్నాం. కానీ పాస్టరేట్ కమిటీల్లో ఆర్థిక సబ్ కమిటీ అనగానే ఇప్పటికీ అందరూ మగవాళ్లే. ఆడవాళ్లకు వంట కమిటీ, అలంకరణ కమిటీ. వంట కమిటీలో మూడు వందల మందికి బియ్యం, పప్పు, నూనె అంచనా వేసి, పైసా తేడా రాకుండా వండి పెట్టేది మేమే. ఆ లెక్క చేతనైనవాళ్లకు ఈ లెక్క చేతకాదా?

"డబ్బు ఇస్తే తినేస్తారు" అనే మాట కూడా విన్నాను. దాచకుండా చెప్తాను, మా పరదాల డబ్బులోనూ ఒకసారి తేడా వచ్చింది. రెండో సీజన్‌లో అద్దె వసూలు చేసే చెల్లెలు ఒకామె దగ్గర రెండు వేల నాలుగు వందలు తగ్గింది. పుస్తకం రాయగానే తెలిసిపోయింది. పిల్లవాడికి జ్వరం ఎక్కువై ఆసుపత్రిలో కట్టానని ఏడ్చింది. ఆ సాయంత్రం మైత్రి అంతా చర్చి అరుగు మీద రెండు గంటలు కూర్చున్నాం. తీసేద్దామన్నవాళ్లు ఉన్నారు, మాఫీ చేద్దామన్నవాళ్లు ఉన్నారు. చివరికి నెలకు ఆరొందల చొప్పున నాలుగు నెలల్లో కట్టాలని, ఇకమీద ఎవరికైనా ఆసుపత్రి అవసరం వస్తే ముందు మైత్రికి చెప్పి అప్పుగా తీసుకోవచ్చని రాసుకున్నాం. ఆమె మొత్తం కట్టేసింది. ఇప్పటికీ వసూలు ఆమే చేస్తుంది. సంఘం ముందు ఆ నెల లెక్క చదివినప్పుడు ఆమె పేరు చెప్పలేదు, అంకె మాత్రం దాచలేదు. ఏ ట్రైనర్ అయినా ఆ రెండు గంటల్లో మేము నేర్చుకున్నదాన్ని చార్టు మీద రాయగలరా? యెరూషలేములో విధవరాండ్రకు రోజూ పంచే ఆహారంలో తేడా వచ్చిందని సణుగుడు పుట్టినప్పుడు అపొస్తలులు ఏం చేశారు? పంపిణీ ఆపలేదు. ఆ పని చూడటానికి ఏడుగురిని ఎన్నుకోమని సంఘానికే చెప్పారు. స్తెఫను ఆ ఏడుగురిలోంచి వచ్చినవాడే.

అందుకని అయ్యగార్లారా, అమ్మగార్లారా, నా మనవి ఇది. ఈ ఏడాది శిక్షణ బడ్జెట్ వేసేటప్పుడు హాలు అద్దె, బ్యాగులు, భోజనాల ఖర్చు పక్కన పెట్టి, స్థానిక నిధిలోంచి ఒక్కో పాస్టరేట్‌కు ఇరవై వేలో పాతిక వేలో కేటాయించండి. ఒక్క ఏడాది ఇచ్చి ఆపేయకండి, మూడేళ్లు ఇవ్వండి. మొదటి ఏడాది లెక్క సరిగా చదివిన సంఘానికి రెండో ఏడాది పెంచి ఇవ్వండి. దాన్ని చూసే ఐదుగురిని సంఘమే చేతులెత్తి ఎన్నుకోవాలి, వారిలో ముగ్గురు ఆడవాళ్లు, ఒకరు పాతికేళ్ల లోపువాళ్లు ఉండాలి. పెద్దల ఇళ్లలోంచే ఐదుగురూ రాకుండా చూడండి, దీని గురించి నేను ఎక్కువ రాయనక్కర్లేదు. విదేశీ గ్రాంట్ అయితే ఖర్చు మీ ఖాతాలోంచే జరగనివ్వండి, చట్టం అదే చెప్తోంది. కానీ ఏం కొనాలి, ఎక్కడ కొనాలి, ఎవరికివ్వాలి అనేది ఈ ఐదుగురు తీర్మానం చేసి పంపనివ్వండి, బిల్లు నకలు మా పుస్తకంలో కూడా అంటించనివ్వండి.

శిక్షణ ఇచ్చే సార్లను ఆపమని అనడం లేదు. వాళ్లు కావాలి. కానీ మమ్మల్ని టౌనుకు పిలవకుండా వాళ్లే ఊరికి రావాలి. నెలకోసారి, పనుల నుంచి వచ్చి స్నానాలు చేసి కూర్చునే వేళకు వస్తే చాలు. మా పుస్తకం ముందు పెట్టుకుని, ఇక్కడ ఓచర్ లేదు, ఇక్కడ తీర్మానం తేదీ లేదు, ఇద్దరి సంతకాలుండాల్సిన చోట ఒకరిదే ఉంది అని చూపిస్తే అంతకు మించిన పాఠం మాకు లేదు. పగటిపూట పిలవాల్సి వస్తే ఆ రోజు కూలి కట్టివ్వండి. సార్‌కు ఫీజు ఇస్తున్నప్పుడు, పని మానుకుని వచ్చిన కూలి మనిషికి కూలి ఇవ్వడం కూడా ఖర్చుల్లో రాసుకోదగ్గదే. వరసకు పిన్ని అయిన ఆవిడ పోగొట్టుకున్న ఎనిమిది వందలు నాకు ఇప్పటికీ కళ్లల్లో మెదులుతాయి.

మీ మీద మాకు గౌరవం ఉంది. ఎండలో, వానలో మా ఊళ్లకు వచ్చిన బిషప్‌గార్లను చూశాం, జీతం ఆలస్యమైనా పని ఆపని ప్రాజెక్ట్ ఆఫీసు అన్నలను చూశాం. ఆ నమ్మకంతోనే రాస్తున్నాను.

మా చర్చిలో ప్రతి నెలా మొదటి ఆదివారం పదకొండున్నర ప్రాంతంలో లెక్క చదువుతాం. ముందుగా చెప్పక్కర్లేదు, మీలో ఎవరైనా ఒకసారి వచ్చి వెనక బెంచీలో కూర్చోండి. పరదాల లెక్క అయ్యాక తైవాన్ పంపు లెక్క ఉంటుంది. ఏదైనా అడగాలనిపిస్తే లేచి అడగండి. పిన్ని సమాధానం చెప్తుంది.

ప్రభువునందు మీ సహోదరి,
ఒక పల్లె సంఘపు స్త్రీల మైత్రి కోశాధికారి